గడియ పడని పొయ్యి
(మన సంఘం మాసిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్లివచ్చిన ప్రతి సభ్యుడూ ఈ మైకు ముందు ఒక అరగంట మాట్లాడాలన్నది మన కార్యదర్శి గారు పెట్టిన నియమం. ఇదివరకు మాట్లాడినవారు నయాగరా జలపాతం గురించి, వాషింగ్టన్ గురించి, అక్కడి దేవాలయాల గురించి చక్కగా చెప్పారు. అవి కొన్ని నేనూ చూశాను. వారు చెప్పినదానికంటే బాగా చెప్పగలిగే శక్తి నాకు లేదు. కాబట్టి నేను ఒక వంట పొయ్యి గురించి మనవి చేస్తాను. వెనుక వరుసలో నవ్వుతున్నవారు నవ్వవచ్చు. రెండు వారాలపాటు నేను దానితో కుస్తీ పట్టాను, ఆ కుస్తీలో నా పాత లెక్క ఒకటి బయటపడింది. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

2023 వేసవిలో నేను, మా ఆవిడ మా అమ్మాయి ఇంటికి వెళ్లాము. వాళ్లుండేది టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ నగరం పక్కన ఉన్న ఫ్రిస్కో అనే ఊళ్లో. అద్దె ఇల్లు. మేము వెళ్లిన రెండు నెలలకే వాళ్లు సొంత ఇల్లు కొనుక్కుని అద్దె ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. అక్కడ అద్దె ఇల్లు ఖాళీ చేయడం మన దగ్గరలాగా తాళంచెవి చేతిలో పెట్టి, కరెంటు బిల్లు చూపించి వచ్చేయడం కాదు. డిపాజిట్టు ఉంటుంది. గోడకు మేకు, కార్పెట్టుకు మరక, పొయ్యిలో జిడ్డు, అన్నీ చూసి దానిలోంచి మినహాయిస్తారు. మా వాళ్లు కట్టిన డిపాజిట్టు 2,400 డాలర్లు. మా ఆవిడ దాన్ని వెంటనే రూపాయల్లోకి మార్చి, ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు.

అక్కడి పొయ్యి సంగతి చూడని వారి కోసం చెబుతాను. పైన నాలుగు వంట ప్లేట్లు, కింద పెద్ద పెట్టెలాంటి ఓవెన్, రెండూ కలిసి ఒకటే సామాను. రేంజి అంటారు. మన బీరువాలో మూడో వంతు ఉంటుంది. మా అమ్మాయి ఇంట్లో ఉన్నది కరెంటుతో పనిచేసేది. మన తెలుగువాళ్ల ఇళ్లలో ఆ ఓవెన్ ఎక్కువ భాగం గిన్నెలు దాచుకునే అలమరగా ఉపయోగపడుతుంది. మూకుళ్లు, అట్ల పెనాలు, ఇడ్లీ రేకులు అన్నీ అందులోనే. ఏ పార్టీకో నలుగురూ వచ్చినప్పుడు అవన్నీ బయటికి తీసి, ట్రేలో చికెనో, బంగాళాదుంపలో పెడతారు. నూనె కారుతుంది, అడుగున మాడుతుంది, మళ్లీ మూకుళ్లు లోపలికి. అలా అయిదేళ్లు గడిచేసరికి లోపల మన పాత కట్టెల పొయ్యి మీది అటకలాగా తయారైంది.

దీన్ని ఎలా శుభ్రం చేస్తారని అడిగితే, "అదే చేసుకుంటుంది నాన్నా, మీట నొక్కితే చాలు" అంది అమ్మాయి.

నేను నమ్మలేదు. తరువాత పుస్తకం చదివితే నిజమే. ఈ విధానం కొత్తదేమీ కాదు, 1963లోనే అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారు మొదట అమ్మకానికి పెట్టారు. (మా అమ్మాయి ఇంట్లోది ఏ కంపెనీదో చెప్పను. ఆ పేరుతో మనకు పని లేదు.) మామూలు వంటకు ఓవెన్ సుమారు 260 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా వేడెక్కుతుంది. శుభ్రం చేసుకునే మీట నొక్కితే 900 డిగ్రీల ఫారన్‌హీట్ దరిదాపులకు పోతుంది. అక్కడ అంతా ఫారన్‌హీట్ లెక్కే. నేను ముప్పయి రెండు తీసేసి, అయిదుతో హెచ్చవేసి, తొమ్మిదితో భాగించాను. 482 సెంటీగ్రేడ్ వచ్చింది. కాగితం అంటుకోవడానికి అందులో సగం చాలు. ఆ వేడికి జిడ్డంతా మాడి మాడి బూడిద అవుతుంది. మూడు నాలుగు గంటల తరువాత చల్లారాక తడిగుడ్డతో ఆ పిడికెడు బూడిద తుడిచేయడమే.

ఇక్కడే అసలు విషయం ఉన్నది. అంత వేడిలో ఎవరైనా పొరపాటున తలుపు తీస్తే? ఒళ్లు కాలడం ఒక్కటే కాదు, లోపల పొగలు కక్కుతున్న జిడ్డుకు ఒక్కసారిగా గాలి తగిలి భగ్గుమనవచ్చు. అందువల్ల ఆ ఓవెన్‌కు ఒక గడియ ఏర్పాటు చేశారు. మీట నొక్కగానే లోపల చిన్న మోటారు తిరిగి, ఒక కొక్కెం ముందుకు వచ్చి తలుపును పట్టుకుంటుంది. గడియ పడినట్టు ఒక స్విచ్చి లోపలి బోర్డుకు కబురు అందిస్తుంది. ఆ కబురు అందితేనే ఆ పెద్ద వేడి మొదలు. అందకపోతే ఎంత నొక్కినా మొదలు కాదు. పని పూర్తయి, వేడి తగినంత దిగేదాకా గడియ మళ్లీ ఊడదు. మన ట్రెజరీలో బిల్లు పాసు కావడానికి ఎంత పద్ధతి ఉండేదో దీనికీ అంతే.

మా వాళ్ల ఓవెన్‌కు ఆ గడియ పడలేదు.

మీట నొక్కితే "తలుపు" అనే మాట వెలిగి ఆరుతూ ఉంటుంది. తరువాత కీచుమని అరిచి, ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన ఒక అంకె చూపించి ఊరుకుంటుంది. అల్లుడు గారు నాలుగుసార్లు నొక్కి, "మావయ్యగారూ, మెకానిక్‌ని పిలిస్తే వచ్చినందుకే వంద డాలర్ల పైన అడుగుతాడు, రిపేరు వేరే" అన్నారు. ఆయనకు ఆఫీసు పని, ఇల్లు మారే పని. నాకు ఏ పనీ లేదు. రిటైరైన గుమస్తాకు చేతిలో ఫైలు లేకపోతే ఎలా ఉంటుందో మీలో చాలామందికి నేను చెప్పనక్కరలేదు. "ఈ ఫైలు నాకు ఇవ్వండి" అన్నాను.

మొదట పుస్తకం వెతికాను. ఓవెన్ కింద ఉండే సొరుగులో అడుగున దొరికింది. జి.ఓ. చదివినట్టు పెన్సిలు పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఇటువంటి యంత్రాలు పనిచేయనప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు, అది చూపించిన తప్పును చదవకుండా మళ్లీ మళ్లీ మీట నొక్కడం. మనం ఆబ్జెక్షన్ రాసి వెనక్కు పంపిన బిల్లునే కొందరు కాంట్రాక్టర్లు అలాగే మళ్లీ పంపేవారు, జ్ఞాపకం ఉందా? అలాంటిదే ఇది.

పుస్తకం చెప్పిన ప్రకారం, నాకు తోచిన ప్రకారం ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. మొదటిది, చిన్నపిల్లలు మీటలు నొక్కకుండా వేసే తాళం ఒకటి ఉంటుంది. బోర్డు మీద తాళంకప్ప బొమ్మ వెలుగుతుంటే అది వేసి ఉన్నట్టు. మా మూడేళ్ల మనవరాలి ధర్మమా అని అది వేసే ఉంది అనుకున్నాను, కానీ లేదు. రెండోది, గ్యారేజీలో ఉన్న కరెంటు పెట్టెలో ఈ రేంజికి సంబంధించిన బ్రేకరు ఆపి, అయిదు నిమిషాలు ఆగి మళ్లీ వేయడం. అక్కడ ఇంట్లో మామూలు ప్లగ్గులకు 120 వోల్టులు, ఈ రేంజికి మాత్రం 240. దాని బ్రేకరుకు రెండు పిడులు కలిపి ఉంటాయి. ఇలా ఆపి వేస్తే బోర్డుకు పట్టిన మతిమరుపు కొన్నిసార్లు వదులుతుంది. ఇక్కడ వదలలేదు. గడియారం మాత్రం పోయి పన్నెండు దగ్గర ఆడుతూ కూర్చుంది.

మూడోది, లోపల ఉన్నవన్నీ తీసేయడం. మూకుళ్లు సరే, లోపలి ఇనుప జల్లెడ అరలు కూడా తీసేయాలి. ఒక అర కొద్దిగా ముందుకు జరిగి ఉన్నా తలుపు పూర్తిగా పడదు. పైగా ఆ వేడికి వాటి మెరుపు పోయి, తరువాత జారక పట్టేస్తాయి. అడుగున పరిచిన అల్యూమినియం రేకు ఉంటే అదీ తీసేయాలి. మడుగు కట్టిన నూనె ముందే తుడిచేయాలి, లేకపోతే ఇల్లంతా పొగ. పెంపుడు చిలకలు, పిచ్చుకలు ఉన్న ఇళ్లలో వాటిని ఆ పూటకు వేరే చోటికి పంపమని కూడా పుస్తకంలో రాశారు. ఆ పొగ వాటి ప్రాణానికి ముప్పు. అది చదివి మా ఆవిడ, "పక్షులకు అంత ముప్పయితే పసిపిల్లకు కాదుటండీ?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పిల్లను పార్కుకు తీసుకుపోదామన్నాను.

నాలుగోదానికి ఒక తప్పు దొరికింది. తలుపు మూశాక అద్దంలోంచి చూస్తే లోపలి దీపం వెలుగుతూనే ఉంది. ఫ్రిజ్జి తలుపు మూస్తే దీపం ఆరుతుందా లేదా అని మనమంతా చిన్నతనంలో వంగి చూసినవాళ్లమే. ఇక్కడా అంతే. తలుపు చట్రంలో ఒక చిన్న బుడిపె ఉంటుంది. తలుపు మూసినప్పుడు అది లోపలికి నొక్కుకుని, తలుపు పడిందని బోర్డుకు చెబుతుంది. దీపం ఆరలేదంటే తలుపు తెరిచే ఉందని బోర్డు అనుకుంటున్నట్టు. తెరిచి ఉన్న తలుపుకు అది గడియ ఎందుకు వేస్తుంది? చూస్తే ఆ బుడిపె జిడ్డులో కూరుకుపోయి సగంలో ఆగిపోయింది. బ్రేకరు ఆపి, వేడినీళ్లలో పిండిన గుడ్డతో పావుగంట తుడిచాను. టిక్కుమని ఆడటం మొదలుపెట్టింది. దీపం ఆరింది. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. మీట నొక్కితే ఈసారి మోటారు చప్పుడు వినిపించింది. అంతకుముందు అదీ లేదు.

అయినా గడియ పూర్తిగా పడలేదు. కొక్కెం సగం దూరం వచ్చి ఆగిపోతోంది.

అప్పుడు అయిదోది. తలుపు అంచు చుట్టూ తాడులాగా ఒక పట్టీ ఉంటుంది, గాజు నారతో నేసినది. కుక్కరుకు గ్యాస్కెట్టు ఎలాగో దానికి అది అలాగ. కానీ రబ్బరు కాదు కాబట్టి రుద్దకూడదు, సబ్బు నీళ్లు పట్టించకూడదు. అది సరిగా ఉందో లేదో చూడడానికి ఒక కిటుకు ఉంది. ఒక కాగితం ముక్క తలుపు అంచున పెట్టి తలుపు మూసి లాగాలి. బిగువుగా వస్తే పట్టు ఉన్నట్టు, ఊరికే జారితే సందు ఉన్నట్టు. కూరల షాపు బిల్లు తీసుకుని చుట్టూ పరీక్షించాను. కుడిపక్క పై మూలన కాగితం వెన్నలా జారింది. అక్కడ ఆ తాడు పట్టే క్లిప్పు ఊడి, తాడు మడతపడి ఉంది. ఆ మడత వల్ల తలుపు బియ్యపుగింజంత ఎడంగా ఉంటోంది. క్లిప్పును మళ్లీ దాని రంధ్రంలో కూర్చోబెట్టాను. కాగితం బిగిసింది. ఇంక గడియ పడినట్టే అని ప్రకటించి, కాఫీ పెట్టమన్నాను.

పడలేదు. తలుపును మోకాలితో అదిమి పట్టినా సగమే వచ్చి, "గుర్ర్" మని ఆగి, మళ్లీ అదే అక్షరం, అదే అంకె.

ఇంతవరకు పాఠం. గడియ కొక్కేనికి తలుపు అడ్డం రావడం లేదు, తలుపు పడిందన్న కబురు అందుతోంది, మోటారు మొదలవుతోంది. అయితే తప్పు ఆ మోటారులోనో, కొక్కేన్ని తిప్పే యంత్రాంగంలోనో ఉండాలి. అది చూడాలంటే రేంజిని గోడ దగ్గరి నుంచి ముందుకు లాగి, వెనుక రేకు ఊడదీయాలి. 240 వోల్టుల సామాను. నా చేతులు ఇప్పుడు సంతకం పెట్టేటప్పుడే వణుకుతున్నాయి.

ఆ ఆదివారం అల్లుడు గారి స్నేహితుడు భోజనానికి వచ్చాడు. మంచి కుర్రాడు, మన వైపు వాడే, చేతిపని తెలిసినవాడు. విషయం విని, "అంకుల్, ఇది పది నిమిషాల పని. ఆ గడియ స్విచ్చికి వెళ్లే తీగలు రెండూ కలిపేస్తే గడియ పడిందనే అనుకుంటుంది. ఒక్కసారి శుభ్రం చేసుకుని మళ్లీ విప్పేద్దాం. మూడు గంటలు ఎవరూ తలుపు తీయకుండా చూసుకుంటే సరి" అన్నాడు. అల్లుడు గారు నా వైపు చూశారు. ఫైలు నా దగ్గర ఉంది కదా.

నేను వద్దన్నాను. గట్టిగానే అన్నాను. భోజనాల దగ్గర అందరూ ఒక్క క్షణం ఆగిపోయారు. నేను సాధారణంగా గొంతు పెంచే మనిషిని కాదు.

ఎందుకు వద్దన్నానో ఆ రోజు వాళ్లకు సగమే చెప్పాను. మనవరాలు ఆ ఓవెన్ తలుపు తెరిస్తే దాని మీద ఎక్కి కూర్చునేది, దాన్ని మూడు గంటలు ఎవరు పట్టుకుంటారు అన్నాను. అది నిజమే. మిగతా సగం ఇక్కడ, మీ ముందు చెబుతాను.

1986లో నేను ఇరిగేషన్ శాఖలో ఒక డివిజన్ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఊరి పేరు వద్దు, ఆ ఆఫీసులో పనిచేసినవారు ఈ హాల్లో ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వారికి తెలుసు. పాత బంగళా, చెక్క పట్టీల్లో నడిపిన వైరింగు, పింగాణీ ఫ్యూజులు. ఆ చలికాలం మా సెక్షన్‌లో అందరం చందాలు వేసుకుని టీ కాచుకోవడానికి కరెంటు హీటరు ఒకటి కొన్నాం. అది పెట్టినప్పుడల్లా ఫ్యూజు ఎగిరిపోయేది. సన్న తీగ కట్టడం, మళ్లీ ఎగరడం. మార్చి నెల బిల్లుల తొందర. విసిగిపోయి నేనే మా అటెండరుతో, "ఈ పురికొస తీగ ఎందుకయ్యా, ఆ లావు తీగ రెండు పేటలు వేసి కట్టు, మళ్లీ ఎగిరితే నన్నడుగు" అన్నాను. అతను, "అయ్యా, లైన్‌మాన్ వద్దన్నాడండీ" అన్నాడు. "లైన్‌మాన్‌కు మన బిల్లులు అక్కరలేదు, నువ్వు కట్టు" అన్నాను. కట్టాడు. ఫ్యూజు మళ్లీ ఎగరలేదు. మూడు వారాలు హాయిగా టీ తాగాం.

ఎగరని ఫ్యూజు ఏం చేస్తుందో మీకు తెలుసు. దాని బదులు గోడలో తీగ కాలుతుంది. ఒక సాయంత్రం హీటరు ఆపకుండానే ఎవరో వెళ్లిపోయారు. రాత్రి రికార్డు గది గోడ పక్క చెక్క పట్టీ అంటుకుంది. వాచ్‌మన్ చూసి కేకలు వేయబట్టి బంగళా మిగిలింది. ఒక బీరువా పక్కనున్న కొలతల పుస్తకాలు, కొన్ని సర్వీసు రిజిస్టర్లు కాలాయి. మనుషులకు ఏమీ కాలేదు.

విచారణ జరిగింది. ఫ్యూజులో లావు తీగ దొరికింది. ఎవరు కట్టారు? అటెండరు. ఎవరు కట్టమన్నారు? అతను చెప్పలేదు. నన్ను సాక్షిగా పిలిచారు. ఫ్యూజు సంగతి నాకు తెలియదని, ఆ సమయంలో నేను బిల్లుల పనిలో ఉన్నానని వాంగ్మూలం రాసి సంతకం పెట్టాను. అప్పటికి నా ప్రమోషను ప్యానెల్లో ఉంది, ఇద్దరు పిల్లలు. ఇవి కారణాలు, సమర్థన కాదు. అతనికి ఒక ఇంక్రిమెంటు క్యుములేటివ్ ఎఫెక్టుతో ఆపారు. దాని అర్థం ఈ హాల్లో ఎవరికీ వివరించనక్కరలేదు. ఆ తగ్గిన మూల వేతనం మీదే డి.ఏ., దాని మీదే పెన్షను, దాని మీదే ఇప్పుడు అతని భార్యకు ఫ్యామిలీ పెన్షను. అతను 2011లో పోయాడు. పోయేదాకా ఎక్కడ కనిపించినా "అయ్యా, బాగున్నారా" అనే అడిగేవాడు.

ఫ్రిస్కోలో ఆ కుర్రాడు "తీగలు కలిపేస్తే" అన్నప్పుడు నాకు ఆ పింగాణీ ఫ్యూజే కళ్లకు కట్టింది.

సరే, ఓవెన్ సంగతికి వస్తాను. ఆ రాత్రి అద్దె ఒప్పందం కాగితాలు అడిగి తీసుకుని చదివాను. పదహారు పేజీలు. ఇంట్లోని సామాను మామూలు వాడకంలో అరిగిపోతే మరమ్మతు యజమాని బాధ్యత. జిడ్డు, మురికి అద్దెకున్నవారి బాధ్యత. టెక్సాస్ చట్టం ప్రకారం కూడా మామూలు అరుగుదలకు డిపాజిట్టులోంచి కోయకూడదు, ఖాళీ చేసి కొత్త చిరునామా రాసి ఇచ్చాక 30 రోజుల్లో లెక్క తేల్చాలి. అంటే మన కేసులో రెండు ఫైళ్లు కలిసిపోయాయన్నమాట. జిడ్డు మనది, గడియ ఆయనది. మనం వెనుక రేకు విప్పి తీగలు కలిపితే గడియ కూడా మనదైపోతుంది.

యజమానికి ఉత్తరం నేనే డ్రాఫ్టు చేశాను. విషయము, సూచిక, "పై విషయమునకు సంబంధించి తమ దృష్టికి తెచ్చునదేమనగా" పద్ధతిలో ఇంగ్లీషులో రాశాను. అమ్మాయి పడీపడీ నవ్వి, "నాన్నా, ఆయన దీన్ని కోర్టు నోటీసు అనుకుంటాడు" అని నాలుగు వాక్యాలకు కుదించి ఈమెయిల్ పంపింది. ఏ తేదీన ఏమి చూపించింది, మేము ఏమేమి సరిచేశాము, ఏది ముట్టుకోలేదు అన్నవి మాత్రం తీసేయనివ్వలేదు. మర్నాడే జవాబు వచ్చింది. నాలుగో రోజున మెకానిక్ వచ్చాడు.

అరవై దాటిన మనిషి. బ్రేకరు ఆపి, మీటరు పెట్టి కరెంటు లేదని చూసుకున్న తరువాతే చెయ్యి వేశాడు. రేంజి ముందుకు లాగి, వెనుక విప్పి, మోటారు, స్విచ్చి, కొక్కెం కలిసి ఉన్న ఆ భాగం బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. అరచేతిలో పట్టేంత ఉంది. లోపలి చిన్న గేరు పళ్లు అరిగిపోయి మోటారు ఉత్తినే తిరుగుతోంది. కొత్తది బిగించడానికి అరగంట పట్టింది. మీట నొక్కి, గడియ పడటం చూసి, వెంటనే ఆపేశాడు. లోపల చల్లగానే ఉంది కాబట్టి నిమిషంలో గడియ ఊడింది. తీగలు కలిపే ఆలోచన గురించి అడిగాను. అతను తల అడ్డంగా ఊపి, అలా కలిపిన ఇళ్లు చూశానని మాత్రం అన్నాడు.

వెళ్లేముందు రేంజిని వెనక్కు నెట్టి, దాని వెనుక కాలు గోడ దగ్గర నేలకు బిగించిన ఒక ఇనుప పట్టీలో దూరిందా లేదా అని వంగి చూశాడు. తెరిచిన తలుపు మీద పిల్లలు ఎక్కితే రేంజి మొత్తం ముందుకు తిరగబడకుండా ఆ పట్టీ పట్టుకుంటుందట. మా మనవరాలి ఆసనం గుర్తొచ్చి నాకు చెమట పట్టింది. అమెరికాలో పిల్లలున్న మీ వాళ్లు ఎవరైనా రేంజి వెనుక శుభ్రం చేయడానికి లాగితే, తిరిగి నెట్టేటప్పుడు ఇది చూడమని ఫోనులో చెప్పండి. ఈ ఒక్క మాట కోసమైనా నా ప్రసంగం పనికొస్తే సంతోషం.

గడియ బాగయింది కదా, శుభ్రం చేసుకోనిచ్చారా అంటే, లేదు. ఆ మెకానికే వద్దన్నాడు. ఆ వేడికి కొన్నిసార్లు లోపలి ఫ్యూజు పోవడమో, బోర్డు పోవడమో జరుగుతుందట. ఇల్లు ఖాళీ చేసే వారంలోనూ, చుట్టాలు వచ్చే పండుగ ముందు రోజునా ఆ మీట జోలికి పోకండి అన్నాడు. మా ఆవిడ వంటసోడా నీళ్లలో పేస్టులా కలిపి, వేడెక్కే కడ్డీలకు, ఆ గాజు నార పట్టీకి తగలకుండా లోపలంతా పూసి రాత్రంతా వదిలేసింది. పొద్దున్న తుడిచి, వెనిగర్ చల్లి మళ్లీ తుడిచింది. రెండు రోజులు మోకాళ్ల మీద కూర్చుని ఇద్దరం చేశాం. కొత్తదానిలా కాలేదు గాని, మనుషుల ఇంట్లోదిలాగా అయింది. డిపాజిట్టు ఇరవై ఆరో రోజున వచ్చింది. కార్పెట్టు మరకకు కొంత కోశారు, ఓవెన్‌కు ఏమీ కోయలేదు.

మన ఇళ్లలో అటువంటి ఓవెన్ లేదు కదా, మాకెందుకీ గోల అని కొందరు అనుకుంటూ ఉండవచ్చు. ముందు తలుపు ఉండే బట్టల మెషిను చాలామంది పిల్లలు మీకు కొనిచ్చారు. అది ఆగిన వెంటనే తలుపు రాదు, ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. పిడి పట్టి లాగేవాళ్లను నేను చూశాను. మైక్రోవేవ్ తలుపు వెనుక కూడా ఇటువంటి స్విచ్చులు ఒకటికి మించి ఉంటాయి, తలుపు తీయగానే అది ఆగిపోవడం వాటివల్లనే. ఆ తలుపు సరిగా పడకపోతే టేపు అంటించి వాడకండి. కుక్కరు సేఫ్టీ వాల్వు ఊడిపోతే ఆ రంధ్రానికి ఇంకేదో బిగించి వాడిన మహానుభావుడు ఒకరు మన సభ్యుల్లోనే ఉన్నారు. పేరు చెప్పను, ఆయన భార్య ముందు వరుసలో ఉన్నారు.

డిసెంబరులో తిరిగి వచ్చాను. వచ్చిన పది రోజులకు ఆ అటెండరు భార్యను చూడటానికి వాళ్ల ఊరు వెళ్లాను. కొడుకు దగ్గర ఉంటోంది. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించింది. దారిలో బస్సులో నాలుగైదుసార్లు మాటలు కూర్చుకున్నాను, అక్కడికి వెళ్లాక ఒక్కటీ రాలేదు. ఫ్యూజుకు లావు తీగ కట్టమన్నది నేనే అని మాత్రం చెప్పాను.

ఆమె కొంచెంసేపు ఊరుకుని, "నాకు తెలుసు బాబూ. ఆయన అప్పుడే చెప్పాడు. మీకు పిల్లలు చిన్నవాళ్లని అన్నాడు" అంది.

మాకు పిల్లలు చిన్నవాళ్లు. వాళ్లకు ముగ్గురు.

ఆ ఇంక్రిమెంటు ఇప్పుడు తిరగదోడడానికి వీలుందా అని మన సంఘం తరఫున చూసే మిత్రుణ్ణి అడిగాను. నేను రాతపూర్వకంగా వాంగ్మూలం ఇస్తానని కూడా చెప్పాను. ఇన్నేళ్ల తరువాత వీలు లేదనే చెప్పారు. అయినా నేను రాసి, సంతకం చేసి, ఒక ప్రతి ఆమెకు ఇచ్చి, ఒక ప్రతి కార్యదర్శి గారి దగ్గర ఉంచాను. నెలకు ఆ తేడా ఎంతో లెక్కకట్టి నేను ఇవ్వబోతే ఆమె పుచ్చుకోలేదు. కాని ఒక పని అడిగింది. చేతివేళ్ల గీతలు అరిగిపోయి, లైఫ్ సర్టిఫికెట్‌కు వేలిముద్ర పడటం లేదట. ప్రతి ఏడూ రెండు మూడుసార్లు తిప్పుతున్నారట. మొన్న నేనే వెంటబెట్టుకుని వెళ్లి ఆ పని చేయించాను. వచ్చే సంవత్సరం కూడా నాకే కబురు చెయ్యమన్నాను.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు.